గాలికి కళ్ళెం

మన భాషలో గాలికి వున్నన్ని పేర్లు నీటికి కూడా లేవేమోనని నాకు ఒక అనుమానం. పైరగాలి, పడమటి గాలి, వడగాలి, ఈదురుగాలి, సుడిగాలి, సముద్రపు గాలి - ఒక్కొక్కటీ ఒక్కొక్క ఋతువుతో, ఒక్కొక్క వేళతో వస్తుంది. వేసవిలో కాకినాడలోనో మచిలీపట్నంలోనో కాపురం వున్నవారిని అడగండి. మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి ఎప్పుడు లేస్తుందా అని వీధి అరుగు మీద కూర్చుని ఎదురుచూడడం ఎంత సుఖమో చెబుతారు. గాలితో ఇంత పరిచయం వున్నా, గాలితో ఆడే ఆట మాత్రం మనకు ఒక్కటే తెలుసు. సంక్రాంతికి డాబా ఎక్కి గాలిపటం ఎగరవేస్తాం. మర్నాడు తెగిన దారాలు చెట్లకు వదిలి కిందికి దిగుతాం.

ఇప్పుడు కాస్త తలకిందులుగా ఆలోచించండి. పిల్లవాడు గాలిపటాన్ని లాగడం కాక, గాలిపటమే పిల్లవాణ్ణి లాక్కుపోతే? కాళ్ళ కింద డాబా బదులు నీళ్ళుంటే? ఆ నీళ్ళమీద జారిపోవడానికి ఒక పలక వుంటే? దానికే కైట్ సర్ఫింగ్ అని పేరు. పటం మన తెల్లకాగితం పటం కాదు. చిన్న గది నేలంత వుంటుంది. 9 మొదలు 12 చదరపు మీటర్ల గుడ్డ. దాని ముందు అంచు, సైకిలు ట్యూబులాగా గాలి నింపిన గొట్టం. 20 నుంచి 24 మీటర్ల పొడవున్న గట్టి దారాలు నాలుగు, చేతిలో అరగజం కర్రకు వచ్చి చేరతాయి. ఆ కర్రతో పటాన్ని అటూ ఇటూ తిప్పుతారు. లాగుడు మాత్రం చేతుల మీద పడదు. నడుముకు బిగించుకున్న పట్టా కొక్కెం మీద పడుతుంది. కాళ్ళకింద నాలుగున్నర అడుగుల పలక. అంతే సరంజామా.

ఇది నిన్న మొన్న పుట్టిన వెర్రి అనుకుంటే పొరపాటే. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరంలో జార్జ్ పోకాక్ అనే బడిపంతులు వుండేవాడు. గుర్రాలు లేకుండా గాలిపటాలు లాగే బండికి 1826లో పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ రోజుల్లో రోడ్ల మీద సుంకం గుర్రాల లెక్కన వసూలు చేసేవారు. ఈయన బండికి గుర్రమే లేదు గనక సుంకం గేటువాళ్ళకు ఏ లెక్కన వసూలు చేయాలో తోచలేదట. అంతకుముందే ఆయన తన కూతురు మార్తాను కుర్చీలో కూర్చోబెట్టి, పటం కట్టి, ఆకాశంలోకి లేపి క్షేమంగా దింపాడు. ఆ మార్తాయే తరువాతి కాలంలో క్రికెట్ ఆటకు మహాపురుషుడనిపించుకున్న డబ్ల్యు. జి. గ్రేస్‌కు తల్లి. పంతుళ్ళు సామాన్యులు కారని పోకాక్‌ను చూసి నావంటివారు కాస్త గర్వపడవచ్చు.

1903లో శామ్యూల్ కోడీ అనే సాహసి గాలిపటం లాగిన చిన్న పడవలో ఇంగ్లీషు చానల్ దాటాడు. కాని నీళ్ళమీద పటానికి ఒక పెద్ద చిక్కు వుంది. ఒకసారి నీళ్ళలో పడిందా, తడిసి ముద్దయి ఇక లేవదు. ఫ్రాన్సులో సముద్రపు ఒడ్డున పెరిగిన బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అనే అన్నదమ్ములు ఈ చిక్కు విప్పారు. పటం అంచులో గాలి నింపితే అది నీళ్ళమీద తేలుతుంది. దారం లాగి మళ్ళీ లేపవచ్చు. 1984 నవంబరులో దానికి పేటెంటు తీసుకున్నారు. అమెరికాలో బోయింగ్ విమానాల కంపెనీలో పనిచేసిన బిల్ రోస్లర్, ఆయన కొడుకు కోరీ కలిసి మరొక పద్ధతి కనిపెట్టి 1994లో అమ్మకానికి పెట్టారు. 1996 నాటికి హవాయి దీవుల్లో మావీ తీరాన కెరటాల వీరులు దీన్ని ఆడి చూపారు; మరుసటి ఏడు లెగెన్యూల పటం బజారులోకి వచ్చింది. ఆ తరువాత కథ వేగంగా నడిచింది. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో, మార్సేల్స్ తీరాన, ఈ పటాల పందెం మొదటిసారి జరిగింది. ఆడవారిలో ఇంగ్లండుకు చెందిన ఎలీ ఆల్డ్రిడ్జ్, మగవారిలో ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బోంటుస్ బంగారు పతకాలు తీసుకువెళ్ళారు.

ఇదంతా మనకెందుకంటారా? పోయిన నెల ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చారు. వారమ్మాయి నా దగ్గర చదువుకుని ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం చేస్తోంది. వెంట ఆ అమ్మాయి కూడా వుంది. ఇద్దరి ముఖాలూ చూస్తే దారిలో మాటలు లేవని తెలుస్తూనే వుంది.

“సెలవు పెట్టి రామేశ్వరం వెళతానంటే సంతోషించానండి, మాస్టారూ. వీళ్ళమ్మ గంగనీళ్ళ చెంబు కూడా తీసి తోమించింది. తీరా అడిగితే దర్శనానికి కాదుట! గాలిపటం కట్టుకుని సముద్రంలో దూకుతుందిట. మీరు చెబితే వింటుంది, చెప్పండి,” అన్నారాయన.

“దర్శనం కూడా చేసుకుంటానన్నాను, నాన్నా,” అన్నది ఆ అమ్మాయి. “నాకు ఈత వచ్చు. డబ్బు నా జీతంలోంచి కూడబెట్టుకున్నాను. మాస్టారూ, వద్దనడానికి ఒక్క కారణం చెప్పమనండి.”

“నువ్వు ఒక్కత్తివే వుండడం చాలదూ, కారణం?” అన్నారు తండ్రి. ఆ మాటతో గదిలో మాటలు ఆగిపోయాయి. ఒక్కతే కూతురు. అడిగినదాన్ని కాదనడం ఆయనకు అలవాటు లేదు. సరేనని పంపి, ఏమైనా అయితే తనను తాను క్షమించుకోగల మనిషీ కాదు.

తీర్పు చెప్పడానికి నాకు అధికారం లేదు. కాని ఆ ఆటను నేను రామేశ్వరంలో చూశాను. మావాళ్ళు గుళ్ళో 22 తీర్థాల స్నానాలకు వెళ్ళి వచ్చే వేళకు, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళ పక్కన రెండు రోజులు ఒడ్డున కూర్చుని, శిక్షకుణ్ణి ప్రశ్నలతో విసిగించి, కొంత తెలుసుకున్నాను. అందుకని వారితో చెప్పిందే ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను. ఇటువంటి వాదం మరికొన్ని ఇళ్ళలోనూ జరుగుతుండవచ్చు.

మొట్టమొదట గాలి లెక్క తెలియాలి. గాలికి వీపు పెట్టి నిలబడండి. మీ ఎదుట ఆకాశం ఒక గోడ గడియారమనుకోండి. నడినెత్తిన 12, ఎడమవైపు నీళ్ళమట్టాన 9, కుడివైపు 3. పటం ఈ అంచుల మీద వున్నంతసేపూ బుద్ధిమంతుడిలా నిలుస్తుంది, లాగుడు తక్కువ. అంచు వదిలి గడియారం నడిమధ్యకు దూకిందా, ఒక్కసారిగా గుర్రంలా లంఘిస్తుంది. ఆ లంఘింపును కావలసినంతే వాడుకుని మళ్ళీ అంచుకు చేర్చడమే విద్య అంతా. పలక అంచును నీళ్ళలోకి నొక్కిపెడితే, నాగలి కర్రు మట్టిలో దిగినట్టు అది నీటిని పట్టుకుంటుంది. పటం ఒకవైపు లాగుతుంది, పలక దాన్ని నిలదీస్తుంది. ఆ రెంటి మధ్య మనిషి పక్కకు, బాగా నేర్చినవాడైతే గాలికి కాస్త ఎదురుగా కూడా సాగిపోతాడు. తెరచాప పడవ నడిచే సూత్రమూ ఇదే.

రెండో లెక్క గాలి బలానిది. సముద్రం మీద గాలి వేగాన్ని నాట్లలో చెబుతారు. ఇవి వరినాట్లు కావు. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. కొత్తవారికి 12 నుంచి 18 నాట్ల గాలి అనువైనది. ఇక్కడ లెక్కలు రానివారు కూడా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటి వుంది. గాలి వేగం రెట్టింపైతే దాని బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. 10 నాట్ల గాలిలో చంటిపిల్లలా వున్న పటం 20 నాట్లలో నలుగురు పహిల్వాన్ల పెట్టు. అందుకే గాలి పెరిగినకొద్దీ చిన్న పటం వాడతారు. 70 కిలోల మనిషికి 15 నాట్లలో 12 చదరపు మీటర్ల పటం కావలసివస్తే, 25 నాట్లలో 7, 8 చాలు. “ఇవాళ గాలి ఎక్కువగా వుంది, పెద్ద పటం వేస్తే మజాగా వుంటుంది” అనేవాడితో స్నేహం మంచిది కాదు.

ఇక తండ్రిగారి భయం. ఆయన భయపడింది నీళ్ళను చూసి. కాని ఈ ఆటలో నీరు మిత్రుడే. పడితే మెత్తగా పట్టుకుంటుంది. నిజంగా భయపడవలసింది నేలను చూసి. రాళ్ళు, గోడలు, చెట్లు, కరెంటు తీగలు, ఒడ్డున పెట్టిన పడవలు - పటం మనిషిని ఎత్తి వీటి మీద వేస్తే ఎముకలు విరుగుతాయి, ప్రాణాలు కూడా పోతాయి. పెద్ద ప్రమాదాలు చాలావరకు ఒడ్డున, పటం లేపే వేళ, దింపే వేళ జరుగుతాయని అనుభవజ్ఞులు చెబుతారు. కనుక గాలి కింది దిక్కున, అంటే గాలి మనల్ని తోసుకుపోయే వైపున, కనీసం 50 మీటర్లయినా ఖాళీ లేనిచోట పటం లేపకూడదు. ఎంత ఎక్కువ ఖాళీ వుంటే అంత మేలు. ఒడ్డున పటంతో కబుర్లు చెబుతూ, ఫోటోలు దిగుతూ నిలబడకూడదు. లేపామా, నీళ్ళలోకి నడిచామా అన్నట్టుండాలి.

రెండో శత్రువు, ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలి. చూడడానికి ఇదే అందంగా వుంటుంది. నీళ్ళు అద్దంలా వుంటాయి, కెరటం వుండదు. కాని పటం పడిపోయిందంటే ఆ గాలే మనిషిని నడిసముద్రంలోకి తీసుకుపోతుంది. ఒడ్డున వున్నవాడి కేక కూడా చేరదు. పడవ కాపలా లేకుండా అటువంటి గాలిలో దిగడం వద్దే వద్దు. సముద్రం నుంచి తిన్నగా ఒడ్డుకు కొట్టే గాలి కూడా కొత్తవారికి కష్టమే. మళ్ళీ మళ్ళీ ఒడ్డుకే విసిరేస్తుంది. ఒడ్డుకు ఏటవాలుగా, కాస్త ఒడ్డువైపుకు వీచే గాలి ఉత్తమం. ఆట సాగుతుంది, ఏమైనా జరిగితే గాలే ఇంటికి చేరుస్తుంది.

మూడో శత్రువు నల్లమబ్బు. మబ్బు కమ్మివచ్చే ముందు గాలి ఒక్క నిమిషం స్తంభించి, తరువాత రెట్టింపు బలంతో దిక్కు మార్చుకుని విరుచుకుపడుతుంది. దూరాన ఉరుము వినిపించినా, మబ్బు కింద నీళ్ళు నల్లబడినా, అప్పటికప్పుడు పటం దింపేయాలి. “ఇంకొక్కసారి తిరిగివస్తాను” అన్నవాడే చిక్కుకుపోతాడు.

ఈ మూడూ విన్నాక తండ్రిగారు, “మరి నేను చెప్పింది నిజమేగా!” అన్నట్టు కూతురి వంక చూశారు. కాని ఈ మూడింటికీ మందు వుంది. ఆ మందు పేరు గురువు. పుస్తకం చదివి, స్నేహితుడి పటం అరువు తెచ్చుకుని నేర్చుకునే విద్య కాదిది. అంతర్జాతీయ కైట్ బోర్డింగ్ సంస్థ ఒకటి 2001లో ఏర్పడింది. శిక్షకులకు తరిఫీదు ఇచ్చి యోగ్యతాపత్రాలు ఇస్తుంది. అటువంటి పత్రం వున్న శిక్షకుడి దగ్గర మొత్తం 10, 12 గంటల పాఠం అయితే మొదటి మెట్టు ఎక్కినట్టే. సాధారణంగా 3, 4 రోజుల పని. తరువాత సాధన ఎవరిది వారిదే.

పాఠం ఎలా సాగాలో తెలిసివుంటే బడి మంచిదో కాదో తేల్చుకోవచ్చు. మొదటి రోజు నీళ్ళలోకి దింపనే దింపరు. ఒడ్డున నిలబెట్టి గాలి దిక్కు గుర్తించమంటారు. 2, 3 చదరపు మీటర్ల పిల్లపటం చేతికిచ్చి, గడియారం అంచుల మీద అటూ ఇటూ నడపమంటారు. సంక్రాంతి పటాలు ఎగరేసినవారికి ఈ మెట్టు తేలిక అనిపిస్తుంది. తరువాత అసలు పటం. దానికి కట్టే కర్ర దగ్గర ఒక మీట వుంటుంది. ఆ మీటను ముందుకు తోస్తే పటం బలం చచ్చి, ఒకే దారం మీద జెండాలా నీళ్ళమీద వాలిపోతుంది. అదీ చాలకపోతే రెండో మీట తోసి పటాన్ని పూర్తిగా వదిలేయవచ్చు. కళ్ళు మూసుకుని కూడా చేయి ఆ మీట మీదికి పోయేదాకా దీన్ని పదేపదే చేయిస్తారు.

ఆ తరువాత పలక లేకుండానే, నడుములోతు నీళ్ళలో బోర్లా పడుకుని, పటం చేత ఈడిపించుకోవడం నేర్పుతారు. చూసేవారికి నవ్వు వస్తుంది. కాని పలక జారిపోయినప్పుడు మళ్ళీ దాని దగ్గరికి చేరే ఉపాయం అదొక్కటే. నీళ్ళలో పడ్డ పటాన్ని లేపడం, లేవని పటం దారాలు చుట్టుకుని, దాన్నే తెప్పలా పట్టుకుని ఒడ్డుకు చేరడం - ఇవన్నీ అయ్యాకే పలక ఎక్కిస్తారు. పలక మీద మొదట లేవడం పసిపిల్లల తప్పటడుగులాంటిది. లేస్తారు, పడతారు, నీళ్ళు తాగుతారు. రెండు మూడు గంటల తరువాత ఒకసారి పది గజాలు జారుతారు. అప్పుడు ఆ ముఖాలు చూడాలి! నేను చూసినవాళ్ళలో నెరిసిన జుట్టుతో నలుగురి ముందు చిన్నపిల్లాడిలా అరిచినాయన కూడా వున్నాడు.

ఆడపిల్లలకు బలం చాలదేమో అన్న శంక కొందరికి వుంటుంది. లాగుడంతా నడుము పట్టా మీద పడుతుందని ముందే చెప్పాను. చేతిబలంతో పటాన్ని గెలవాలనుకునే మగవాళ్ళకన్నా, నెమ్మదిగా వేళ్ళతో తిప్పే ఆడపిల్లలే త్వరగా నేర్చుకుంటారని ఆ శిక్షకుడు నాతో అన్నాడు. ఈత మాత్రం తప్పనిసరి. తలకు హెల్మెట్టు, ఒంటికి తేలే చొక్కా కూడా. నేర్చుకునే రోజుల్లో సామాను కొనవద్దు, బడివారి సామానే వాడవచ్చు. చవకగా వస్తున్నదని పాతకాలపు పటం కొనడం మరీ ప్రమాదం. 2005 ప్రాంతంలో వచ్చిన మార్పుల తరువాతనే, కర్రను ముందుకు తోస్తే బలం దాదాపు పూర్తిగా తగ్గిపోయే పటాలు తయారయ్యాయి. అంతకు ముందువి పెంకి గుర్రాలు.

ఇక చోటు సంగతి. మంచిచోటుకు నా మట్టుకు అయిదు లక్షణాలు. గాలి రోజూ ఒకే దిక్కు నుంచి నిలకడగా వీచాలి. దారిలో కొండా, భవనమూ, సరుగుడు తోటా అడ్డం వుండకూడదు. అడ్డం వుంటే దాని వెనక చాలా దూరం గాలి తెగి తెగి, సుడులు తిరుగుతూ వస్తుంది. నీళ్ళు నడుములోతువి, కింద ఇసుక వుండాలి. గాలి కింది దిక్కున ఖాళీ వుండాలి. చివరిది, ఆపదవేళ వచ్చే పడవ, చూసే మనిషి వుండాలి.

రామేశ్వరం ఈ పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకుంటుంది. ఆ దీవికి ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నారు సింధుశాఖ. మధ్యలో సన్నని ఇసుక నేల ధనుష్కోటి దాకా చాచిన చేయిలా వుంటుంది. వేసవి మొదలు సెప్టెంబరు దాకా నైరుతి గాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఈశాన్యపు గాలి. ఏ గాలికి ఆ ఒడ్డు ఎంచుకోవచ్చు. లోతులేని నీళ్ళు, ఇసుక తిప్పల వెనక కెరటం లేని మడుగులు, అడ్డంలేని ఆకాశం. నేర్పేవారు అక్కడ వున్నారు. అయితే ఇసుక తిప్పకు గాలి చాటువైపున ఆడుతున్నామంటే, గాలి మనల్ని ఒడ్డునుంచి బయటికే తోస్తున్నదని మరిచిపోకూడదు. శ్రీలంక తీరం సుమారు 30 కిలోమీటర్లలో వుంది. దేశపు సరిహద్దు అంతకన్నా దగ్గర. మన్నారు సింధుశాఖలోని దీవులు 1986 నుంచి జాతీయ ఉద్యానం. అక్కడి పగడపు దిబ్బలు కాళ్ళు కోస్తాయి, మన కాళ్ళు వాటిని విరుస్తాయి. ఎక్కడ దిగవచ్చో అడిగి దిగడమే మర్యాద.

అన్నట్టు, అదే ధనుష్కోటిని 1964 డిసెంబరు 22 రాత్రి తుఫాను ఊడ్చిపెట్టింది. ప్రయాణీకులతో సహా రైలు సముద్రంలో కలిసింది. ఆ మొండిగోడలు ఇప్పటికీ నిలిచి వున్నాయి. గాలి ఆటబొమ్మ అనుకునేవారికి అంతకన్నా మంచి పాఠశాల వుండదు. అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు, తుఫానులు. గాలి కూడా నమ్మదగింది కాదు. ఆ నెలల్లో దర్శనం చేసుకుని రండి, పటం జోలికి పోకండి.

మన తీరం మాటేమిటని అడుగుతారు. వెయ్యి కిలోమీటర్ల తీరం వుండి రామేశ్వరం ఎందుకు? నిజమే. కాని విశాఖపట్నం వంటి చోట ఒడ్డు నిటారుగా దిగుతుంది. కెరటం ఒడ్డుమీదనే విరుచుకుపడుతుంది. అడుగునుంచి లోపలికి లాగే ప్రవాహాలు వుంటాయి. వాటికి బలైనవారి వార్తలు పత్రికలలో తరచు చదువుతూనే వున్నాం. కొండలు, మేడలు గాలిని విరుస్తాయి. ఆరితేరినవాడు ఆడుకోవచ్చునేమో గాని, అక్షరాభ్యాసానికి అది చోటు కాదు. పులికాట్ సరస్సు చూస్తే లోతులేని నీళ్ళు, విశాలమైన ఆకాశం, ఆశ పుడుతుంది. కాని అది పక్షుల అభయారణ్యం. చలికాలంలో సూళ్ళూరుపేట, తడ ప్రాంతాల్లో వాలే రాజహంసలను చూడడానికి మనం పిల్లల్ని తీసుకుపోతాం. నెత్తిమీద అంత పెద్ద పటం తిరిగితే పక్షికి అది డేగలాగే కనిపిస్తుంది; మేత వదిలి లేచిపోతుంది. ఆ నీళ్ళు వాటికే వదిలేద్దాం.

గోవా ఉత్తర భాగాన మోర్జిం, ఆశ్వెం తీరాల్లో వేసవికి ముందు మధ్యాహ్నపు గాలిలో నేర్పుతారు. గాలి కాస్త నెమ్మది. శ్రీలంకలో కల్పిటియ మడుగు మే నుంచి అక్టోబరు దాకా పటాలతో నిండిపోతుంది. వియత్నాంలో మూయ్ నే తీరానికి నవంబరు నుంచి మార్చి మంచికాలం. స్పెయిను కొసన తరీఫాలో రెండు ఖండాల మధ్య ఇరుకు జలసంధిలో గాలి ఒత్తుకుని వస్తుంది. దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్ గాలి ఊరిని శుభ్రం చేస్తుందని దానికి ‘కేప్ డాక్టరు’ అని పేరు. ఈ రెండూ చేయి తిరిగినవారికి.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు వేసవిలో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతానికి వెళ్ళడం మామూలే. అప్పుడే అక్కడ గాలికాలం కూడా. సముద్రం చల్లగా వుంటుంది, లోపలి మైదానం కాగిపోతుంది. కాగిన నేల మీది గాలి పైకి లేస్తే, ఆ ఖాళీ నింపడానికి చల్లగాలి కొండల సందుల్లోంచి దూసుకువస్తుంది. మన కోస్తాలో మధ్యాహ్నపు సముద్రపు గాలికీ కారణం ఇదే, అక్కడ మోతాదు ఎక్కువ. మనవాళ్ళు కాపురాలున్న ఫోస్టర్ సిటీ ఒడ్డున సాయంత్రం నడకకు వెళితే పటాలు కనిపిస్తాయి. చూసి ఆనందించండి. కాని ఆ ఈదురుగాలిలో, ఆ చల్లటి నీళ్ళలో మొదటిపాఠం వద్దు.

ఎక్కడికి వెళ్ళినా మరొక మాట. ఆ ఒడ్డు మనం సెలవులకు వెళ్ళే చోటు; పల్లెకారులకు అది పని చేసుకునే చోటు. వలలు ఆరబెట్టిన చోట దారాలు పరచకూడదు. వల వేసి వున్న నీళ్ళలోకి పలక పోనివ్వకూడదు. పడవ వస్తుంటే మనమే తప్పుకోవాలి. పైగా ఇవాళ గాలి ఎలా తిరుగుతుందో, ఆటుపోట్లు ఎప్పుడో, ఏ సుడి ఎక్కడుందో యంత్రం చెప్పనిది ఆ ముసలాయన చెబుతాడు. ఆయన వద్దన్న రోజున దిగకండి.

అంతా విన్నాక తండ్రిగారు కాసేపు ఆలోచించి, “నేనూ వెంట వెళితే?” అన్నారు. “ఒడ్డున కూర్చుంటాను. నేర్పేవాడి ముఖం ఒకసారి చూస్తే చాలు.” ఆ అమ్మాయి నవ్వి, “అమ్మను కూడా తీసుకురండి, నాన్నా. గంగనీళ్ళ చెంబు ఎలాగూ తోమించింది,” అన్నది. వాళ్ళు ఏ నెలలో బయలుదేరుతారన్నది వాళ్ళ ఇంటి వ్యవహారం.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఈ మాట ఎత్తితే వెంటనే కాదనకండి, వెంటనే సరేననీ అనకండి. శిక్షకుడికి యోగ్యతాపత్రం వుందా, ఆపదకు పడవ వుందా, గాలి ఏ వైపునుంచి వీస్తుంది - ఈ మూడు అడగండి. మొదటిరోజు సాయంత్రం ఫోను చేసి, ఇవాళ ఏం నేర్పారని అడగండి. “పటం ఎగరేయడం” అని మాత్రమే చెబితే, ఆ రాత్రి బండికే తిరిగి రమ్మనండి. “పటం వదిలేయడం వందసార్లు చేయించారు, చేతులు నొప్పి పుట్టాయి” అంటే, ఇక మీరు నిశ్చింతగా అన్నం తిని పడుకోవచ్చు.